చొక్కా విప్పకూడదు

జూన్ 3

చిరంజీవి పొడుగుకి,

అమ్మమ్మ ఆశీస్సులు. నా ఎడమ మోకాలు తప్ప ఇంట్లో అన్నీ సక్రమంగా పనిచేస్తున్నాయి.

మీ కోచ్ మీ అందరి ఫోన్లూ లాక్కుని పెట్టెలో పెట్టి తాళం వేశాడని పేపర్లో చదివాను. ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని, పిల్లల చేతుల్లోంచి వస్తువులు లాక్కునేవాళ్ళంటే నాకు గౌరవమే. ఉత్తరాలు మాత్రం రాసుకోవచ్చట. ఇక్కడి ఫెడరేషన్ ఆఫీసులో పొద్దున్నే ఇస్తే మర్నాడు సాయంత్రానికల్లా మీ హోటలుకి చేరుస్తామన్నారు. అక్కడి గుమాస్తా, "ఏ ఆటగాడి తాలూకు అండీ?" అని అడిగాడు. నీ పేరు చెప్పాను. జాబితా అంతా వెతికి, అట్టడుగున పట్టుకుని, "ఓ, మూడో గోల్‌కీపరా" అన్నాడు. మొదటివాడికి జ్వరమొచ్చి, రెండోవాడికి వేలు విరిగితే గానీ నీతో పని పడదని నాకు ఓపిగ్గా వివరించాడు. ప్రస్తుతానికి ఆ ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారట. సంతోషం.

అసలు సంగతి ఇది. నువ్వు మార్చిలో ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చిన స్కూల్లో ఆటల మాస్టారి ఉద్యోగం నీకే వచ్చింది. నీకు ముప్పై నాలుగేళ్ళు. జట్టులో కుర్రాళ్ళు నిన్ను "తాతా" అని పిలుస్తారని నువ్వే చెప్పావు. ఆ లెక్కన నేను నీకేమవుతానో ఆలోచించడం మానేశాను. ఇక స్థిరపడాలి.

అక్కడి ప్రిన్సిపాల్ నా దగ్గర చదువుకున్న పిల్లే. ఎనిమిదో తరగతిలో అర మార్కు కోసం పీరియడంతా ఏడ్చింది, నేను ఇవ్వలేదు. ఇప్పుడు ఆవిడా అంత ఖచ్చితంగానే ఉంది. జూన్ ఇరవైన బడి తెరుస్తారు. ఆ పొద్దున నువ్వు గ్రౌండులో ఉండాలి, లేకపోతే ఉద్యోగం స్కూలు కార్యదర్శి బావమరిదికి పోతుంది. ఆయనకి వచ్చిన ఒకే ఒక్క ఆట క్యారమ్స్.

ఇందులో చిక్కేమీ లేదని మీ గ్రూపు చూశాక తెలిసింది. దేశాల పేర్లు నాకు గుర్తుండవు, చొక్కాల రంగులు గుర్తుంటాయి. నీలం, ఆకుపచ్చ, తెలుపు, మీ ఎరుపు. తలా మూడు మ్యాచులు, పైనున్న రెండు జట్లు క్వార్టర్‌ఫైనల్‌కి. గత పదేళ్ళలో మీ ఎర్రచొక్కాలు ఇలాంటి పోటీల్లో పదకొండు మ్యాచులు ఆడి ఒకటి గెలిచారు. ఆ ఒక్కటీ అవతలివాళ్ళు తమ గోల్లో తామే కొట్టుకోవడం వల్ల. కాబట్టి పదహారున మూడో మ్యాచు ఓడతారు, పద్దెనిమిదిన ఇంటికొస్తావు, పంతొమ్మిదిన జుట్టు కత్తిరించుకుంటావు, ఇరవైన చేరతావు. ఈ లెక్క మీద నమ్మకంతో నీ తరఫున ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టి ఇచ్చేశాను.

అక్కడ బెంచీ గట్టిదో మెత్తదో తెలియదు. మడత దుప్పటి వేసుకో.

అమ్మమ్మ


జూన్ 5

అమ్మమ్మా,

నీ ఉత్తరం చేరింది. మొదటి పేరా చదివి నవ్వాను, సంతకం సంగతి చదివి మంచం మీద కూలబడ్డాను. పక్క మంచం మీద రెండో గోల్‌కీపరు నిద్రలో గురకపెడుతున్నాడు. నువ్వన్నట్టు నిక్షేపంలా ఉన్నాడు. మా గది కిటికీ తీస్తే లిఫ్టు గోడ కనబడుతుంది. అందుకే ఇది మా ఇద్దరికీ ఇచ్చారు, మొదటి గోల్‌కీపరుకి సముద్రం కనిపించే గది.

ముందు ఒక మాట. ఇలాంటి లెక్కలు ఇక్కడికి రాయకు. మా కోచ్ దగ్గర ఒక నియమం ఉంది. "ఓడితే" అన్నవాడు గ్రౌండు చుట్టూ ఐదు రౌండ్లు కొట్టాలి. మొన్న మసాజ్ చేసే ఆయన "వాన పడితే" అన్నాడు, ఆయన చేత కూడా పరిగెత్తించాడు. పాయింట్లు, గోల్స్ తేడా, ఏ జట్టు ఏం చేస్తే మనకేమవుతుంది, ఇవేవీ ఎవరూ పలకకూడదు. అమ్మమ్మలు దీవెనలే రాస్తారని ఆయన నమ్మకం, అందుకే ఉత్తరాలు తెరిచి చూడడు. ఆయనకి నువ్వు తెలియవు.

ఇక ఉద్యోగం. నన్ను అడగకుండా సంతకం ఎలా పెట్టావు? పదకొండేళ్ళయింది అమ్మమ్మా నేను ఈ జట్టుతో తిరగడం మొదలుపెట్టి. ముగ్గురు కోచ్‌లు మారారు, బెంచీ మారలేదు. ఒక్కసారి, ఒక్క మ్యాచు, ఆ రెండు కర్రల మధ్య నిలబడాలని ఉంది. ఆ తర్వాత ఏ స్కూలంటే ఆ స్కూలు. నిన్న కోచ్ నా భుజం మీద చెయ్యేసి, "రెండు మ్యాచుల్లోనే తేల్చేస్తాం తాతా, మూడోది నీది" అన్నాడు. పదకొండేళ్ళలో నా భుజం మీద పడిన మొదటి చెయ్యి అది.

మనం క్వార్టర్‌ఫైనల్‌కి వెళ్తాం. అది ఇరవై రెండున. ప్రిన్సిపాల్ గారికి ఆ మాట చెప్పు. అర మార్కు ఇస్తే ఆవిడ ఒప్పుకుంటుందేమో చూడు.

నీ పొడుగు


జూన్ 9

చిరంజీవి పొడుగుకి,

నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావో నిన్న టీవీలో చూశాను కాబట్టి అడగను.

మన టీవీలో ఎరుపూ ఆకుపచ్చా ఒకటే రంగులో కనిపిస్తాయి, అందుకని పై వాటా సర్వేయరు గారింటికి వెళ్ళాను. ఆయన రిటైరయ్యాక కొలిచేందుకు స్థలాలు లేక జట్ల బలాబలాలు కొలుస్తున్నారు. మొదటి నిమిషం నుంచీ "అయిపోయిందండీ" అంటూనే ఉన్నారు. ఆకుపచ్చవాళ్ళతో ఒకటి ఒకటి దగ్గర ఆగిపోయినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన నిరాశ చూడాలి.

నిన్ను నాలుగుసార్లు చూపించారు. మూడుసార్లు నీళ్ళ సీసాలు మోస్తున్నావు. నాలుగోసారి కూర్చున్నావు. ఎంత కదలకుండా కూర్చున్నావంటే, "ఈ అబ్బాయిని బెంచీతో పాటే కొన్నారా అండీ?" అని సర్వేయరు గారు అడిగారు.

మీవాళ్ళలో గోల్ కొట్టిన ఆ కుర్రాడెవడు? కొట్టగానే చొక్కా విప్పి గాల్లో తిప్పుకుంటూ పరిగెత్తాడు. రిఫరీ వాడికి పసుపు కార్డు చూపించాడు, తక్కువే చేశాడు. మన ఇంట్లో ఎండలు మండిపోయినప్పుడు కూడా ఎవరూ పదిమందిలో చొక్కా విప్పలేదు. లక్షమంది ముందు విప్పడానికి ఆ పిల్లాడికి వచ్చిన కష్టమేమిటో. వాళ్ళమ్మ చూసే ఉంటుంది.

నీ ఉత్తరంలో "మూడోది నీది" అని కోచ్ అన్నట్టు రాశావు. ఆ మాట సర్వేయరు గారి దగ్గర అన్నాను. అనకుండా ఉండాల్సింది. పదహారున నువ్వు ఆడుతున్నావని వీధంతా తెలిసిపోయింది. టైలరు ఆ పూట కొట్టు మూసేస్తానన్నాడు. పాల అమ్మాయి తన కుర్చీ తనే తెచ్చుకుంటుందట.

లెక్క రాయొద్దన్నావు. మీ చేతిలో ఉన్నది ఒక్క పాయింటు, ఇది లెక్క కాదు, వార్త. ప్రిన్సిపాల్‌కి నేనేమీ చెప్పను. చెప్పాల్సినవాడివి నువ్వు, చెప్పాల్సింది మీ కోచ్‌కి. ఇరవైన ఇక్కడ నీకు పని ఉందనీ, నీకు మ్యాచు ఇచ్చేదుంటే ఇప్పుడే ఇమ్మనీ అడుగు. నీకు నోరుంది. అవసరమైన చోట తెరవడం ఈ వయసుకైనా నేర్చుకో. కూర్చున్న చోటే కూర్చుని అన్యాయాన్ని చూస్తూ ఊరుకునేవాణ్ణి నేను పెంచలేదు.

అమ్మమ్మ


జూన్ 13

అమ్మమ్మా,

చూశావా? గెలిచాం. తెల్లచొక్కాల మీద రెండు ఒకటి, అదీ ఎవరూ తమ గోల్లో తాము కొట్టుకోకుండా. సర్వేయరు గారికి నా సానుభూతి తెలియజెయ్యి.

నన్ను కూడా చూసే ఉంటావు. నువ్వు చెప్పినట్టే చేశాను. రెండో సగంలో మన చొక్కా కుర్రాడిని పెనాల్టీ గీత లోపల తెల్లచొక్కావాడు ఒకడు కాలడ్డం పెట్టి బోర్లా పడేశాడు. రిఫరీ చూడనట్టు వెళ్ళిపోయాడు. నేను మామూలుగా కూర్చునే ఉన్నాను, నీ వాక్యం గుర్తొచ్చింది. "కూర్చున్న చోటే కూర్చుని అన్యాయాన్ని చూస్తూ." లేచాను. నోరు తెరిచాను. పదకొండేళ్ళుగా వాడని నోరు కదా, కొంచెం ఎక్కువే తెరుచుకుంది. రిఫరీ అంత దూరం నుంచి నా కోసమే పరిగెత్తుకొచ్చి పసుపు కార్డు చూపించాడు. మసాజ్ చేసే ఆయన లెక్క కట్టాడు: దేశం తరఫున నేను ఆడిన మ్యాచులు సున్నా, ఆపిన గోల్స్ సున్నా, అందుకున్న కార్డులు ఒకటి.

నవ్వుకో. కానీ ఆ కాసేపు నేను కూడా ఆటలో ఉన్నానమ్మమ్మా.

మూడో మ్యాచు నాది కాదు. ఇంకా ఏదీ తేలలేదు కాబట్టి మొదటివాడినే ఆడిస్తారు. కోచ్ మళ్ళీ భుజం మీద చెయ్యేశాడు, ఈసారి ఏమీ అనలేదు. వీధిలో కుర్చీలు సర్దుకున్నవాళ్ళకి ముందే చెప్పేయ్. పాల అమ్మాయి అంత దూరం మోసుకురానక్కర్లేదు.

నువ్వు ప్రిన్సిపాల్ గారికి చెప్పేసి ఉంటావని అనుకుంటున్నాను.

నీ పొడుగు


జూన్ 14, పొద్దున

చిరంజీవి పొడుగుకి,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. దాని కోసం ఆగితే ఫెడరేషన్ ఆఫీసు ఉత్తరాల సంచి వెళ్ళిపోతుంది, అందుకని రాస్తున్నాను.

గెలిచారు. చేసిన పనిని చేశారని ఒప్పుకోవడం నాకు అలవాటే.

కానీ ఆ కార్డేమిటి? కాలు గ్రౌండులో పెట్టనివాడికి కార్డివ్వడం నేనెక్కడా చూడలేదు, సర్వేయరు గారూ చూడలేదు. రాత్రంతా ఆలోచించాను. నేను కోచ్‌తో మాట్లాడమన్నాను. నువ్వు మాట్లాడావు, సరే, కానీ మ్యాచు నడుస్తుండగా, రిఫరీకి వినపడేంత గొంతుతో ఉద్యోగం సంగతి మాట్లాడమని ఎవరన్నారు? హోటల్లో అన్నం తినేటప్పుడు చెప్పకూడదా? ఏదైతేనేం, కోచ్‌కి తెలిసింది కదా. ఆ చేతులూపడం చూస్తే గట్టిగానే అడిగావనిపించింది. ఆయన ఏమన్నాడో రాయి.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా చదువు. చదివాక మేజోడులో దాచుకుంటావో మింగుతావో నీ ఇష్టం.

నీలం ఆరు పాయింట్లు, వాళ్ళ సంగతి వదిలేయ్. మీరు నాలుగు. ఆకుపచ్చ ఒకటి. తెలుపు సున్నా. పదహారున మీకు నీలంతో, ఆకుపచ్చకి తెలుపుతో, రెండూ ఒకే సమయంలో. మీరు డ్రా చేస్తే చాలు, క్వార్టర్‌ఫైనల్‌కి వెళ్ళిపోతారు. చేయరు. మీరు నీలం చేతిలో రెండు ఒకటితో ఓడారనుకో, అక్కడ ఆకుపచ్చ మూడు రెండుతో గెలిచిందనుకో. అప్పుడు మీ ఇద్దరికీ పాయింట్లు నాలుగేసి. కొట్టిన గోల్స్ నాలుగేసి. తిన్నవి నాలుగేసి. మీలో మీరు ఆడినప్పుడు ఒకటి ఒకటి. వెంట్రుక తేడా లేదు.

ఇలా అయితే ఏం చేస్తారని ఫెడరేషన్ గుమాస్తాని అడిగాను. "ఇలా అవ్వదండీ" అన్నాడు. అయితే ఏం చేస్తారని మళ్ళీ అడిగాను. నిబంధనల పుస్తకం తీసుకొచ్చి నా ముందు పెట్టాడు, దుమ్ము నేనే దులుపుకున్నాను. అందులో ఉంది: అన్నీ సమానమైతే ఎవరికి పసుపు కార్డులు తక్కువో వాళ్ళు ముందుకి. అవీ సమానమైతే చీటీలు వేస్తారు.

ఆకుపచ్చకి ఇప్పటికి అయిదు కార్డులు. మీకు నాలుగు. మీ నాలుగులో ఒకటి చొక్కా విప్పినందుకు, ఒకటి నీ నోటికి. అంటే మీ జట్టు కార్డుల్లో సగం ఆటతో సంబంధం లేనివి.

ఆ కుర్రాడికి చెప్పు, చొక్కా లోపలికి దోపుకొమ్మని. గోల్ కొట్టినా, కొట్టకపోయినా, ఉక్కపోసినా. ముప్పై ఏళ్ళు నేను లెక్కలు చెప్పింది చివరికి చీటీ తియ్యడానికి కాదు.

మీరు ఓడితే నాకే లాభం, తెలుసు. ఇరవైన నువ్వు ఇక్కడుంటావు, నా సంతకం నిలబడుతుంది. కానీ ఓడేది సరిగ్గా ఓడాలి. నిబంధన తెలియక ఓడిపోవడం వేరు.

పదహారున నీ ఆట చూడ్డానికి మా వీధి సిద్ధంగా ఉంది. కుర్చీలు పద్నాలుగయ్యాయి.

అమ్మమ్మ


జూన్ 17

అమ్మమ్మా,

నిన్ను లెక్కల టీచరని ఎందుకన్నారో గానీ, జ్యోతిషం చెప్పుకున్నా బాగా గడిచేది. ఇక్కడ జరిగింది చెబుతా విను.

నీ ఉత్తరం పదిహేను సాయంత్రం అందింది. మేజోడులోనే పెట్టుకున్నాను. చొక్కా కుర్రాడికి చెప్పబోతే, "తాతా, నువ్వు ఓడటం గురించి మాట్లాడుతున్నావ్, నేను వినలేదు, రౌండ్లు నువ్వే కొట్టుకో" అని చెవులు మూసుకున్నాడు.

ఎనభయ్యో నిమిషం దాకా రెండు సున్నా, నీలానికి. అవతలి గ్రౌండులో ఏమవుతోందో తెలుసుకోకూడదని కోచ్ ఆజ్ఞ. మసాజ్ చేసే ఆయన మాత్రం తువ్వాలులో చిన్న రేడియో చుట్టుకుని చెవికి ఆనించుకున్నాడు, మెడ పట్టేసిందని చెప్పి. నా పక్కకి జరిగి, "ఆకుపచ్చ మూడు రెండు" అన్నాడు. నా కాలి దగ్గర నీ కాగితం చుర్రుమంది.

"కార్డులో?" అన్నాను.

"కార్డులెవడిక్కావాలి?"

"మా అమ్మమ్మకి."

మనవాళ్ళకి ఆ పూట ఒకటి పడింది, కెప్టెన్‌కి. మొత్తం అయిదు. అక్కడ ఆకుపచ్చకి కూడా ఒకటి పడిందని రేడియోలో చెప్పారు. ఆరు. ఒక్క కార్డు తేడా, నువ్వన్నట్టే. కానీ మనకి ముందు ఒక గోల్ కావాలి.

ఎనభై ఆరో నిమిషంలో కొట్టాడు. ఎవరు? ఆ చొక్కా కుర్రాడే. కొట్టి, నేరుగా మా బెంచీ వైపే పరిగెత్తుకొస్తున్నాడు, రెండు చేతులూ చొక్కా అంచు మీద. అంతమందిలో వాడి చేతుల వైపు చూస్తున్నది నేనొక్కణ్ణే. లేచాను. గీత దాటకూడదు, దాటితే అదొక కార్డు. గీత మీద నిలబడ్డాను, వాడు వచ్చి మీద పడ్డాడు, వెంటనే చొక్కా అంచు రెండు వైపులా దొరకబుచ్చుకున్నాను. వాడు పైకి లాగుతున్నాడు, నేను కిందికి లాగుతున్నాను.

"వదులు తాతా, ఏంటిది?"

"విప్పకూడదురా."

"ఎందుకూ?"

అంత గోలలో వివరించే టైమెక్కడిది? "మా అమ్మమ్మ ఒప్పుకోదు" అన్నాను. ఆ మాటకి వాడు ఆశ్చర్యపోయి చేతులు వదిలేశాడు. రిఫరీ దగ్గరికొచ్చి, చెయ్యి జేబు దాకా తీసుకెళ్ళి, చూశాడు. కుర్రాడి ఒంటి మీద చొక్కా చొక్కాలాగే ఉంది. వెళ్ళిపోయాడు.

రెండు ఒకటితో ఓడిపోయాం. మనవాళ్ళు గడ్డి మీద పడి ఏడుస్తున్నారు. అప్పుడు మేనేజరు కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మూడుసార్లు చదివాడు, మూడోసారికి గానీ వాళ్ళకి అర్థం కాలేదు. ఓడిపోయి క్వార్టర్‌ఫైనల్‌కి వెళ్ళాం.

కోచ్ నన్ను పక్కకి పిలిచి, "నీకెలా తెలుసు?" అన్నాడు. మేజోడు విప్పి నీ ఉత్తరం తీసి ఇచ్చాను. నిలబడి మొత్తం చదివాడు. "చేయరు" అన్న చోట కొంచెం ఎక్కువసేపు ఆగాడు. తర్వాత నా చేత ఐదు రౌండ్లు కొట్టించాడు. అయ్యాక, "ఆవిడని క్వార్టర్‌ఫైనల్ గురించి కూడా రాయమను" అన్నాడు.

నేను కోచ్‌తో ఉద్యోగం గురించి అరవలేదు అమ్మమ్మా. రిఫరీ మీద అరిచాను. నా పాత ఉత్తరం చదివి ఉంటావు కాబట్టి ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆయనకి ఇరవయ్యో తారీకు సంగతే తెలియదు. చెప్పను కూడా. చెబితే పంపేస్తాడు, మంచివాడు.

నేను రావడం లేదు. పొద్దున ప్రాక్టీసులో రెండో గోల్‌కీపరుకి మణికట్టు బెణికింది. నిన్నటిదాకా నేను మూడోవాణ్ణి, ఇవాళ రెండోవాణ్ణి. పదకొండేళ్ళలో ఒక మెట్టు ఎక్కాను, ఇప్పుడు దిగి రాలేను. ఆ ఉద్యోగం నాకు అక్కర్లేదని కాదు. పిల్లలకి ఆట నేర్పడం నాకు ఇష్టమే, ఆ ఇంటర్వ్యూకి నన్నెవరూ మెడపట్టి తోయలేదు. పోతోందని తెలిసే వదులుకుంటున్నాను. నువ్వు పెట్టిన సంతకం పోతుందే, అదొక్కటే బాధగా ఉంది. కార్యదర్శి బావమరిదికి నా శుభాకాంక్షలు. పిల్లలకి స్ట్రైకరు గురి బాగా కుదురుతుంది.

పద్నాలుగు కుర్చీల వాళ్ళకి క్షమాపణలు.

నీ పొడుగు


జూన్ 20

చిరంజీవి పొడుగుకి,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదట నీ తప్పులు. అన్యాయాన్ని చూస్తూ ఊరుకోవద్దన్నాను, నిజమే. రిఫరీ మీద అరవమని ఏ వాక్యంలో ఉందో చూపించు. పేరా మొత్తం చదివి జవాబు రాయాలని నీకు నాలుగో తరగతి నుంచీ చెబుతున్నాను, నీకు ఒక్క వాక్యం దొరికితే చాలు.

పదహారున పద్నాలుగు కుర్చీలూ నిండాయి. నువ్వు ఆడటం లేదని మ్యాచు మొదలయ్యాక చెప్పాను. ముందే చెబితే టైలరు కొట్టు తెరిచేవాడు, ఒక పూట విశ్రాంతి వాడికీ అవసరమే. ఎనభై ఆరో నిమిషంలో నువ్వు ఆ కుర్రాణ్ణి పట్టుకున్నావు. టీవీలో మాట్లాడే ఆయన, "ఎంత హృద్యమైన దృశ్యం, అనుభవం యువతరాన్ని గుండెకు హత్తుకుంటోంది" అన్నాడు. సర్వేయరు గారు కళ్ళు తుడుచుకున్నారు. మొట్టమొదటిసారి "అయిపోయిందండీ" అనలేదు. నేను నీ వేళ్ళు చూశాను. అంచు మడత పెట్టి మరీ పట్టుకున్నావు. గోల్‌కీపరు చేతులని ఆ రోజు నమ్మాను.

నువ్వు రావని నీ ఉత్తరం రాకముందే నాకు అర్థమైంది. పదిహేడున స్కూలుకి వెళ్ళాను. ప్రిన్సిపాల్ లేచి నిలబడింది. "మనవడు రాడు" అన్నాను. "అయితే ఏం చెయ్యను టీచర్, ఇరవైన గ్రౌండు ఖాళీగా ఉంటే కార్యదర్శి గారు ఊరుకోరు" అంది. స్కూలు నిబంధనల పుస్తకం ఇవ్వమన్నాను. ఇచ్చింది. ఇక్కడా దుమ్ము నేనే దులుపుకున్నాను. ఎంపికైనవాళ్ళు దేశం పని మీద బయట ఉంటే, వాళ్ళు వచ్చేదాకా విశ్రాంత ఉపాధ్యాయులెవరైనా ఆ స్థానంలో నిలబడవచ్చునని పంతొమ్మిదో పేజీలో ఉంది.

"ఎవరున్నారు టీచర్ అలా నిలబడేవాళ్ళు?" అంది.

నేను ఆవిడ వైపు చూశాను.

"మీకు డెబ్బై నాలుగు కదా టీచర్."

"వయసు గురించి ఏ పేజీలో ఉంది?"

తిరగేసింది. లేదు. సరేనంది. నేను గుమ్మం దాటుతుండగా, "ఆ అర మార్కు ఇప్పుడైనా ఇస్తారా?" అని అడిగింది. ఆవిడ అప్పుడు రాసిన జవాబు తప్పు. నాకు ఉపకారం చేసినంత మాత్రాన ఒప్పవదు. ఆ మాటే చెప్పాను. నవ్వింది, పోనీలే అనుకున్నాను.

ఇవాళ పొద్దున కార్యదర్శి బావమరిది తెల్ల బూట్లు వేసుకుని వచ్చాడు. నేను అప్పటికే హాజరు పట్టీలో సంతకం పెట్టి, మెడలో విజిల్ వేసుకుని గ్రౌండు మధ్యలో నిలబడి ఉన్నాను. ఆయన నన్ను చూశాడు, విజిల్ చూశాడు, "మీరా అండీ?" అన్నాడు. ఊదాను. వెళ్ళిపోయాడు.

పిల్లలు ఫుట్‌బాల్ ఆడతామన్నారు. పాత బిస్కెట్ డబ్బా మూత పసుపు రంగుది ఉంటే కత్తిరించి కార్డు చేసుకున్నాను. మొదటి పూట మూడు చూపించాను. ఒకటి తోసినందుకు, ఒకటి నాకు ఎదురు చెప్పినందుకు. మూడోది, ఏడో తరగతి వాడొకడు గోల్ కొట్టి చొక్కా విప్పబోయినందుకు. విప్పలేదు, విప్పబోయాడు. నా దగ్గర నిబంధనలు కొంచెం కఠినం. "మీ మనవడు పట్టుకునేవాడు కదండీ" అని వాడు అడిగాడు. మ్యాచు అందరూ చూశారన్నమాట.

మోకాలు వాచింది. దాని గురించి ఇంతకుమించి రాయను.

ఫెడరేషన్ ఆఫీసుకి విజిలుతోనే వచ్చాను, ఈ ఉత్తరం ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. గుమాస్తా జాబితా తీయలేదు. కుర్చీ చూపించి, "రెండో గోల్‌కీపరు అమ్మమ్మగారు కదండీ" అన్నాడు. ఇంకో మాట కూడా ఉంది, నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. మన ఇంట్లో బెంచీ మీంచి లేచి ముందుగా గ్రౌండులోకి దిగింది నేను. నువ్వు తీరిగ్గా రా.

మీ కోచ్ అడిగాడు కాబట్టి క్వార్టర్‌ఫైనల్ సంగతి. అవతలి జట్టు ఆడిన మూడూ గెలిచింది, ఒక్క గోల్ తినలేదు. లెక్క ప్రకారం మీరు ఇరవై రెండున ఓడతారు, నువ్వు ఇరవై నాలుగున విజిల్ తీసుకోవచ్చు. ఈ వాక్యం ఆయనకి చూపించు, నీ చేత రౌండ్లు కొట్టిస్తాడు, కాళ్ళు వేడెక్కుతాయి. మొదటివాడు ఎప్పుడు జారిపడతాడో ఎవరికి తెలుసు, నువ్వు సిద్ధంగా ఉండాలి.

ఈ నెలలో నా లెక్క ఒకసారి తప్పింది. ఇంకోసారి తప్పినా విజిల్ నా దగ్గర భద్రంగానే ఉంటుంది.

అమ్మమ్మ
ఆటల మాస్టారు (తాత్కాలికం)